రొట్టె మనదే, పచ్చడిలో కారం ఎక్కడిది?

పాలకొల్లులో దిబ్బరొట్టె తినేవాళ్ళ మాటలు కాసేపు వింటే ఒక సంగతి తెలిసిపోతుంది. రొట్టె మీద ఎవరికీ పెద్ద పేచీ ఉండదు. మినప్పిండిలో బియ్యపురవ్వ, జీలకర్ర, ఉప్పు కలిపి మందపాటి మూకుట్లో పోసి, కింద సన్నసెగ పెట్టి, మూత మీద నిప్పులు పోసి నిదానంగా కాలుస్తారు. పైపెచ్చు ఎర్రగా కరకరలాడాలి, లోపల మెత్తగా ఉడకాలి. "పెచ్చు బాగా కాలిందండి" అన్నారంటే రొట్టె నెగ్గినట్టే. తగువంతా పచ్చడి దగ్గరే. "రొట్టెకేవండి, బాగుంది. పచ్చడే చప్పగా ఉందండి" అంటారొకాయన. పక్కాయనకి అదే పచ్చడి మంటెక్కిపోతుంది. ఇంకొకరు పచ్చడి జోలికే పోకుండా చెరుకు పానకంలో ముంచుకు తిని లేచిపోతారు.

వాళ్ళ ముందున్న పళ్ళెంలో రెండు కాలాల వంట ఉంది. మినుములు, బియ్యం, జీలకర్ర, కొబ్బరి, చెరుకు మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నవే. పచ్చడిలో నూరిన మిరపకాయ మాత్రం మెక్సికోది. అక్కడి తెహువాకాన్ లోయ గుహల్లో వేల ఏళ్ళ నాటి మిరప అవశేషాలు దొరికాయి. మొక్క జన్యువులు, తవ్వకాల్లో బయటపడ్డవి, పాత భాషల సాక్ష్యం, వాతావరణం కలిపి చూసిన పరిశోధకులు, మనం రోజూ తినే మిరప జాతిని మొదట సాగులోకి తెచ్చుకున్నది మధ్య తూర్పు మెక్సికోవాళ్ళేనని 2014లో తేల్చారు. మరి ఆ కాయ గోదావరి డెల్టాకి ఎప్పుడొచ్చింది? ఏ దారిన, ఎవరి చేతిలో వచ్చింది? అది రాకముందు మనవాళ్ళు కారానికి ఏం తిన్నారు?

తేదీ వేసి దస్తావేజు రాసిపెట్టినవాళ్ళెవరూ లేరు. అందుకని ఈ చిక్కుముడి విప్పడానికి తిన్నవాళ్ళ అభిప్రాయాలనే సాక్ష్యంగా పట్టుకున్నాను. వండినవాళ్ళు తమ వంట గొప్పే చెబుతారు. నోరు మండితే మండిందని, చప్పగా ఉంటే చప్పగా ఉందని చెప్పేది తిన్నవాళ్ళే.

అలాంటి సాక్ష్యం మనకి ఆరువందల ఏళ్ళ కిందటిది ఒకటుంది. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న వీథినాటకం. శ్రీనాథుడే రాశాడని వాదించేవాళ్ళూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల వెంట తిరుగుతూ కనపడినదల్లా చెప్పుకుంటారు. అందులో లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూళ్ళ ఇల్లొకటి వస్తుంది. ఒక్క రూకకి అక్కడేం పెడతారో వరసగా చెప్పేస్తారు. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. పేటలో ఉన్న భోజనశాల గురించి, ధరతో సహా ఇంత కచ్చితంగా చెప్పిన మాట మన సాహిత్యంలో అరుదు. ఇందులో మిరపకాయ లేదు. అయితే ఆ నాలుగైదు నంజుళ్ళు వేటితో చేశారో చెప్పలేదు కాబట్టి ఈ ఒక్క సాక్ష్యంతో తేలదు.

రెండో సాక్షి ఇంకా గట్టివాడు, పైగా కోపంగా ఉన్నాడు. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో అరవవారింటి విందు మీద ఒకటుంది. ఆతిథ్యం ఇచ్చినవాళ్ళని అలా దుయ్యబట్టడం నాకు సబబుగా తోచదు గానీ, ఆ ఫిర్యాదులోని వివరాలు మాత్రం మనకి కావలసినవే. మొదటే మిరియాల చారు పోశారట, చెవుల్లోంచి పొగలొచ్చాయట. పచ్చళ్ళలో పెట్టిన ఆవ నడినెత్తి దాకా ఎక్కిందట.

ఈ బాధని వైద్యుడు రోగలక్షణం చూసినట్టు చూడాలి. ఆవ నూరితే పుట్టే ఘాటు తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం. నోట్లో పెట్టుకోగానే అది ముక్కులోకి లేచి, అక్కణ్ణుంచి నెత్తికి కొట్టినట్టుంటుంది, క్షణంలో దిగిపోతుంది. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ ఆవిరై పోయేది కాదు. నాలుక మీద, పెదాల మీద కూర్చుంటుంది. నీళ్ళు తాగినా వదలదు, నెయ్యికో పెరుక్కో వదులుతుంది. మిరపకాయ తిని బాధపడ్డవాడు నాలుక మండిందంటాడు గానీ నడినెత్తికి ఎక్కిందనడు. ఆ చాటువు చెప్పినవాడికి తెలిసిన కారాలు రెండే, మిరియం, ఆవ.

మూడో సాక్షి సాక్షాత్తూ రాజు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తుడు ఇంటికొచ్చిన వైష్ణవులకి ఏ కాలంలో ఏం పెట్టాడో రాయలు ఓపిగ్గా చెప్పాడు. చలికాలపు భోజనంలో మిరియప్పొడి వేసిన వేడికూరలున్నాయి, ముక్కు అదిరేలా ఆవ పెట్టిన పచ్చళ్ళున్నాయి, ఊరగాయలున్నాయి, కాచిన నెయ్యి ఉంది. ఇక్కడా కారం ముక్కుకే తగిలింది. రాయల దగ్గరికి అప్పటికే పోర్చుగీసు గుర్రాల వర్తకులు వచ్చిపోతున్నారు. మిరప వాళ్ళ వెంట వచ్చి ఉండాల్సిన కాలం అది. అయినా వంటింటి వివరాల్లో ఇంత శ్రద్ధ ఉన్న రాజు పళ్ళెంలో అది కనిపించలేదు. తిరుమల కొండ మీద 15, 16 శతాబ్దాల శాసనాల్లో నైవేద్యాల దిట్టాలున్నాయి. బియ్యం, నెయ్యి, పెసరపప్పు, ఉప్పుతో పాటు అక్కడ కారానికి లెక్కగట్టింది మిరియాలే. ఒక కవి మరిచిపోయాడంటే నమ్మొచ్చు. కవులు, రాజు, గుడి దిట్టాలు అన్నీ కలిసి మరిచిపోవు.

ఇక సముద్రానికి అవతలి సాక్ష్యం. 1493 జనవరిలో కొలంబస్ తన దినచర్యలో కరీబియన్ దీవుల మిరప గురించి రాసుకున్నాడు. ఇది వాళ్ళ మిరియమని, మన మిరియం కంటే మేలైనదని, అది లేకుండా అక్కడ ఎవరూ ముద్ద ముట్టరని. ఐరోపావాడు మిరపకాయ మీద ఇచ్చిన తొలి తీర్పుల్లో ఇదొకటి. మెక్సికోకి వచ్చేసరికి ఇంకా మంచి సాక్షి దొరుకుతాడు. బెర్నార్దినో ద సహగూన్ అనే స్పానిష్ సన్యాసి అక్కడి నహువా పెద్దల్ని కూర్చోబెట్టుకుని, వాళ్ళ భాషలోనే వాళ్ళ జీవితమంతా పన్నెండు సంపుటాలుగా రాయించాడు. 1577 నాటికి అది పూర్తయింది. అందులో సంతలో వండి అమ్మేవాళ్ళ గురించి ఉంది. మంచి అమ్మకందారు ఎలాంటివాడు, చెడ్డవాడు ఎలాంటివాడు అన్నది జనం నోటితో చెప్పించాడు. మొక్కజొన్న రొట్టెలు, ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు, టమాటాలు, గుమ్మడిగింజలు, రకరకాల మిరపకాయలతో నూరిన పచ్చళ్ళు. మంచివాడు శుభ్రంగా, రుచిగా చేసి అమ్ముతాడు. చెడ్డవాడు పాచిపోయినవి అంటగడతాడు. ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి మీద మంచనశర్మ జంట చెప్పిన మాటల పక్కన పెట్టి చదవాల్సిన పుటలు అవి. రొట్టె, పచ్చడి, వాటి మీద జనం తీర్పు, అన్నీ రెండు చోట్లా ఉన్నాయి. మిరప కారం మాత్రం ఆ మెక్సికో పుటల్లోనే ఉంది.

దారి వెతికేటప్పుడు తప్పుదోవలు పట్టించే ఆనవాళ్ళు కూడా తగులుతాయి. లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే జర్మన్ వైద్యుడు 1542లో అచ్చువేసిన మొక్కల పుస్తకంలో మిరప బొమ్మ చక్కగా ఉంది. దాన్ని ఆయన కాలికట్టు మిరియమన్నాడు, ఇండియా నుంచి వచ్చిందనుకున్నాడు. ఈ ఒక్క పేజీ చూసి మిరప మనదేనని వాదించేవాళ్ళు తర్వాత చాలామంది వచ్చారు. ఘాటైన సరుకేదైనా కాలికట్టు నుంచే వస్తుందని నమ్మిన కాలం అది. ఆ పేజీ వల్ల మనకి నిజంగా తెలిసేది వేరే. కొలంబస్ తిరిగొచ్చిన యాభై ఏళ్ళలోపే మిరప జర్మనీ పెరళ్ళ దాకా చేరిపోయింది. అంత వేగంగా పాకే మొక్కకి గోవా చేరడం కష్టం కాదు. ఇలాగే, మిరపకాయ మీద పురందరదాసు కీర్తన ఒకటుందని, కాబట్టి 16వ శతాబ్దం నడిమికే మిరప కన్నడదేశంలో ఉందని చెబుతుంటారు. నోటి నుంచి నోటికి వచ్చిన పాటల్లో ఏ మాట ఎప్పుడు చేరిందో పట్టుకోవడం కష్టం. ఆ సాక్ష్యాన్ని నేను పక్కన పెట్టాను.

పాలకొల్లువాళ్ళకి ఈ దశలో ఒక అనుమానం సహజంగా వస్తుంది. మన ఊరికి డచ్చివాళ్ళు వచ్చారు కదా, వాళ్ళే తెచ్చి ఉంటారేమో! ఆలోచించదగ్గ అనుమానమే. 1606 నాటికి మచిలీపట్నం, నిజాంపట్నాల్లో దిగిన డచ్చి కంపెనీ, ఆ శతాబ్దంలోనే పాలకొల్లులో, ద్రాక్షారామంలో వర్తకశాలలు పెట్టింది. క్షీరారామలింగేశ్వరుడి గోపురం ఉన్న ఈ ఊళ్ళో వాళ్ళకి కావలసింది ఇక్కడి నేతబట్ట, ఇక్కడి అద్దకం. 1824 ఒప్పందంతో తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి ఒప్పజెప్పేదాకా ఈ తీరంలో వాళ్ళ ఉనికి ఏదో రూపంలో ఉంది.

కానీ వాళ్ళ వ్యాపారం ఎలా నడిచిందో చూస్తే అనుమానం వీగిపోతుంది. డచ్చివాళ్ళు ఈ తీరానికి తెచ్చి అమ్మినవి లవంగాలు, జాజికాయ, జాపత్రి, మిరియాలు, రాగి. కొనుక్కుపోయింది బట్ట. మిరియాలు అమ్ముకుని బతికేవాడు మిరియాలకి పోటీ వచ్చే విత్తనం తెచ్చి ఊళ్ళో పంచుతాడా? పైగా మిరపకాయ వర్తకుడికి లాభం తెచ్చే సరుకే కాదు. నాలుగు గింజలు పెరట్లో చల్లితే ఇంటికి సరిపడా కాస్తుంది. రెండోసారి కొనాల్సిన పని లేదు. ఇన్నాళ్ళూ దస్తావేజులు ఎందుకు దొరకలేదో ఇక్కడ అర్థమవుతుంది. సుంకం కట్టి ఓడదిగే సరుక్కి లెక్క ఉంటుంది. నావికుడి మూటలో వచ్చి దొడ్డిదారిన పెరట్లోకి చేరిన గింజకి లెక్క ఎవరు రాస్తారు?

డచ్చివాళ్ళు మాత్రం మనకి వేరే సాయం చేశారు. మలబారులో వాళ్ళ అధికారి హెండ్రిక్ వాన్ రీడ్ అక్కడి వైద్యుల చేత చెప్పించుకుని తయారుచేయించిన హోర్టుస్ మలబారికుస్ పన్నెండు సంపుటాలు 1678 నుంచి 1693 దాకా ఆంస్టర్‌డాంలో అచ్చయ్యాయి. అందులో మిరప మొక్క ఉంది, స్థానికమైన పేరుతో సహా ఉంది. అంటే ఆ నాటికి పడమటి తీరంలో అది ఇంటి మొక్క అయిపోయింది. అటు ఉత్తరాన 1590ల్లో అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో పాదుషా వంటశాల దిట్టం తూకాలతో సహా ఇచ్చాడు. అందులో కారం అంటే మిరియం, అల్లం, లవంగమే. ఇలా రెండు కొసలూ దొరికాయి. రాయల కాలం ఒక కొస, వాన్ రీడ్ పుస్తకం రెండో కొస. మధ్య ఉన్న నూటయాభై ఏళ్ళలోనే ఎక్కడో మన కూరల్లో మిరప పడింది.

కాగితాలు ఇక్కడ ఆగిపోతాయి. ఇక వంటిళ్ళనే అడగాలి. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ఇక్కడే ఉంది.

గోదావరి జిల్లాల్లో పెళ్ళి భోజనంలో కంద బచ్చలి కూర లేకపోతే లోటే. కందముక్కలు, బచ్చలాకు ఉడికించి, చింతపండు పులుసు పోసి, పోపు పెట్టి, పొయ్యి మీంచి దించేస్తారు. దించాకే అసలు పని. ఆవాలు ఉప్పేసి తడిపి మెత్తగా నూరి ఆ ముద్దని కూరలో కలుపుతారు. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ ఘాటు సెగకి ఎగిరిపోతుందని ఇక్కడి ఇల్లాళ్ళకి ఏ రసాయనశాస్త్రమూ చెప్పక్కర్లేదు. పనసపొట్టు కూరకీ, అరటిదూట కూరకీ ఇదే పద్ధతి. వీటిలో మిరపకాయ ఉండేది పోపులో రెండు ఎండుమిరపకాయలు, కావాలంటే నాలుగు పచ్చిమిర్చి చీలికలు. ఆ మిరప తీసేసినా కూర నిలబడుతుంది. ఆవ తీసేస్తే అది ఆవ పెట్టిన కూరే కాదు. రాయలు చెప్పిన, ముక్కుకి తగిలే ఆ రుచి ఈ నాటికీ పాలకొల్లు పెళ్ళిపందిట్లో వడ్డిస్తున్నారు.

ఆవకాయ జాడీ ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె. మూడోనాడు తిరగకలిపిన కొత్త ఆవకాయ వేడన్నంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోండి. ముందు ముక్కుకి ఒక ఘాటు తగిలి పోతుంది, అది ఆవ. తర్వాత నాలుక మీద మంట మొదలై నిలుస్తుంది, అది మిరప. మొదటిది శ్రీనాథుడికి తెలుసు, రెండోది తెలియదు. ఊరగాయ పేరు ఆవది, రంగు మాత్రం మిరపది.

మూడో ఆనవాలు ఆబ్దికం నాటి వంట. పెద్దల తిథి నాడు చాలా ఇళ్ళల్లో మిరపకాయ ముట్టరు. కారానికి మిరియాలే, దానికి తోడు అల్లం, జీలకర్ర. టమాటా, బంగాళాదుంప కూడా నిషిద్ధమే. అరటికాయ, కంద, పెసరపప్పు, నువ్వులు ఉంటాయి. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోనూ మిరప, టమాటా, బంగాళాదుంప పడవు. ఎందుకని అడిగితే పెద్దలు అలా పెట్టారంటారు, అంతే. ఆ వంటలకి అమెరికా ఖండం నుంచి వచ్చినవన్నీ బయటే ఉండటం కాకతాళీయం కాదు. రోజూ తినే తిండి మారినా, తాతముత్తాతలకి పెట్టే తిండి వాళ్ళు తిన్నట్టే ఉండాలన్న పట్టుదల మిరప రాకముందటి భోజనాన్ని మనకి భద్రంగా దాచిపెట్టింది.

మిరప ఇంత సులువుగా ఎందుకు గెలిచింది? మిరియపు తీగకి కొండవాలు, నీడ, తడి, పాకడానికి చెట్టు కావాలి. డెల్టా మాగాణుల్లో అది కాయదు. మలబారు నుంచి రావాల్సిందే, డబ్బు పెట్టి కొనాల్సిందే. గోదావరి లంకల ఒండ్రునేలలో మిరప ఏపుగా కాస్తుంది. దాని పక్కనే పెరిగే లంకపొగాకు కూడా అమెరికా మొక్కే. 1780ల్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ రాజమండ్రి పైకొండల్లో అడవిమిరియం చూసి, ఈస్టిండియా కంపెనీ కోసం సామర్లకోటలో మిరియపు తోట వేయించాడు. కంపెనీ దృష్టి ఇంకా మిరియం మీదే ఉంది. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువు తెరిస్తే మిరపకాయ పక్కా తెలుగు మాటై కూర్చుని ఉంటుంది.

ఇక దారి సంగతి. రెండు దారులున్నాయి. అట్లాంటిక్ మీదుగా లిస్బన్, ఆఫ్రికా, గోవా ఒకటి. 1565 నుంచి మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకి నడిచిన స్పానిష్ ఓడల దారి ఇంకొకటి. ఎవరు తెచ్చారన్నది తేల్చే ఆనవాలు మన వంటల్లోనే, లేని వాటిలో ఉంది. మిరపతో పాటు మెక్సికో వంట ఒక్కటీ రాలేదు. అక్కడ మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, నూరి రొట్టె కాలుస్తారు. మొక్కజొన్న మనకొచ్చింది గానీ ఆ పద్ధతి రాలేదు. మెక్సికోవాళ్ళే తెచ్చి ఉంటే గింజ వెంట వంటమనిషి కూడా వచ్చేది. వచ్చింది గింజ ఒక్కటే. అందుకే అది మనకి తెలిసిన వంటల్లోనే, మిరియం ఉన్న చోటల్లా వచ్చి చేరింది. ఇది మెక్సికో వంట రుచి ఎరగని నావికుల పని. గోవా నుంచి, తూర్పుతీరంలో శాంథోమ్, నాగపట్నాల్లో స్థిరపడ్డ పోర్చుగీసువాళ్ళ నుంచి రేవు రేవుకీ పాకిందనే నా అభిప్రాయం.

అయినా రెండు వంటిళ్ళూ ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే చోటికి చేరాయి. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగువాళ్ళు పేటలోని మెక్సికన్ హోటలుకి వెళ్ళొచ్చి చెప్పే మాట ఒకటే. సల్సా మన టమాటా పచ్చడేనని. కాల్చిన టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పు నల్లరాతి మోల్కాహెతేలో నూరుతుంటే చూసినవాళ్ళకి మన రోలు గుర్తుకురాక తప్పదు. మిరపలాగే అమెరికా ఖండం నుంచి వచ్చిన కోకో ఇప్పుడు పశ్చిమ గోదావరి కొబ్బరితోటల్లో అంతరపంట. కొబ్బరిచెట్ల నీడలో, మొదలుకే అంటుకుని ఎర్రగా పచ్చగా కాయలు వేలాడుతుంటాయి. ఈ మొక్క ఎప్పుడొచ్చిందో, ఎవరు తెచ్చారో మన రైతులకి తెలుసు. మిరప విషయంలో ఆ అదృష్టం లేకపోయింది.

నా తీర్పు ఇది. పాలకొల్లు పచ్చడిలోని కారం డచ్చివాళ్ళు తెచ్చింది కాదు. వాళ్ళు ఈ ఊళ్ళో కాలుపెట్టే నాటికే అది ఈ తీరం పెరళ్ళలో మొలిచి ఉంటుంది. రాయలు పోయాక, 16వ శతాబ్దం రెండో సగంలో, పోర్చుగీసు రేవుల నుంచి వచ్చి ఉంటుంది. దీన్ని ఇంకా గట్టిపరచగల కాగితాలు గ్రంథాలయాల్లో కంటే మన ఇళ్ళల్లోనే ఎక్కువ ఉన్నాయి. ఆబ్దికం వంటలో ఏం పడతాయో, ఏం పడవో ఒక్కో ఇంటికీ ఒక్కో పట్టీ ఉంటుంది. గుళ్ళలో పాత దిట్టం పుస్తకాలుంటాయి. మీ ఇంట్లో ఆ వంట తెలిసిన పెద్దావిడ ఉంటే, ఈ ఏటి తిథికి ముందే పక్కన కూర్చుని ఆ పట్టీ అంతా రాసుకోండి. ఊరి పేరు, ఆవిడ పుట్టింటి ఊరి పేరు కూడా వేయండి.